తవ్వకుండా వదిలిన మూల

1. దిమ్మిస గుట్ట అవతల ఉంది

ఈ పొద్దున కూడా నీళ్ళు తగ్గించి పంపారు. ఇదేమిటయ్యా అని అడిగితే, డెల్టా వాళ్ళు వస్తున్నారు కదమ్మా, కాస్త సర్దుకోండి అన్నాడు బండివాడు. సర్దుకునే విద్యలో నన్ను మించినవాళ్ళు ఈ పీఠభూమి మీద లేరు. సర్దుకున్నాను.

శాఖకు పంపే నమోదు వేరే ఉంది. అందులో కొలతలుంటాయి, పొరల రంగులుంటాయి, నేనుండను. ఇది నా కోసం రాసుకుంటున్నది. మహా అయితే ఈ ఎండాకాలం దాకా రాస్తాను. ఆ తరువాత రాయడానికి బొగ్గులమిట్ట ఉండదు.

గుట్ట అవతలి నుంచి వస్తున్న యంత్రానికి సర్కారు పెట్టిన పేరు చాంతాడంత ఉంది. మేం దిమ్మిస అంటాం. మూడు నిలువుల లోతు దాకా మట్టిని కరిగించి గాజుపలకలా గట్టిపరుస్తూ నెమ్మదిగా పాకుతూ వస్తుంది. దాని వెనకే ఇళ్ళు లేస్తాయి. సముద్రం మింగేసిన ఊళ్ళవాళ్ళు తరాల తరబడి గుడారాల్లో పడి ఉన్నారు, ఆ ఇళ్ళు వాళ్ళకి. మా అమ్మ అక్కడి మనిషే, దివిసీమ. అందుకని దిమ్మిసను తిట్టడానికి కూడా నాకు నోరు రాదు.

తవ్వకానికి నేను అధిపతిని. నా కింద ఉన్నది ఇద్దరే కాబట్టి ఎవరూ అసూయ పడక్కర్లేదు. గఫార్ నేల లోపలికి చూసే యంత్రం నడుపుతాడు, వంట కూడా చేస్తాడు, రెండింటిలో వంటే కాస్త నయం. రెండోవాడు మా బాపు, రాజలింగం గారు. అందరికీ పెద్దసారు. ఈ మిట్టను మొదట తవ్వింది ఆయనే, నేను పట్నంలో చదువుకుంటున్న రోజుల్లో. ఎనభై దాటాయి. పంపించేయమని శాఖ మూడుసార్లు చెప్పింది. మీరే వచ్చి పంపించండి అన్నాను. రాలేదు.

ఇది కాకతీయుల నాటి ఉక్కు కొలుముల ఊరు. మట్టీ ఊకా కలిపి మూసలు చేసేవారు. ఇనుప ముక్కలు, ఆకూ కట్టే అందులో వేసి, పైన మట్టిమూత పెట్టి మూసేసి, కొలిమిలో పేర్చి కాల్చేవారు. చల్లారాక మూస పగలగొడితే లోపల ఉక్కుముద్ద. పగలగొట్టక తప్పదు, ఒక మూస ఒక్కసారికే. ఊరి చుట్టూ పగిలిన మూసల గుట్టలున్నాయి. ఒక్క కొలిమిలో మాత్రం మూసలన్నీ వరసగా, కాలి, చల్లారి, పగలకుండా ఉన్నాయి. ఉక్కు లోపలే ఉండిపోయింది. ఉడికిన అన్నం దించకుండా ఊరంతా లేచి వెళ్ళిపోయినట్టు.

ఎందుకు వెళ్ళిపోయారు? దండు వచ్చి పడింది, పారిపోయారు అంటాడు బాపు. ముప్పై ఏళ్ళుగా అదే పాట. దండు వస్తే ఒక బాణపు ములుకైనా ఉండాలి, ఒక కాలిన గుడిసైనా ఉండాలి, పట్టుకార్లు గోడకు అలా పద్ధతిగా ఆనించి వెళ్ళరు అంటాను నేను. సభల్లో, అందరి ముందు, తండ్రీ కూతుళ్ళం నోళ్ళు పారేసుకున్నాం. జనం టీ తాగడం మానేసి మరీ మమ్మల్ని చూసేవారు.

దీనికి జవాబు ఒకేచోట ఉంది. సాక్షిలో.


2. దిమ్మిస గుట్ట దిగింది

సాక్షి అంటే మా వృత్తిలో ఒక మర్యాద. ఏ చోటైనా మొత్తం తవ్వకూడదు. ఒక మూల ముట్టకుండా దిమ్మలా వదిలేయాలి. రేపు మనకన్నా తెలివైనవాళ్ళు, మంచి పనిముట్లున్నవాళ్ళు వస్తారు, వాళ్ళకని. ఈ మిట్ట మీద బాపు వదిలిన సాక్షి ఊరి తూర్పు మూలన, పగలని కొలిమికి ఆనుకుని ఉంది. రోజూ తెల్లవారగానే మడత కుర్చీ తీసుకెళ్ళి దాని మీద కూర్చుంటాడు. సైరన్ మోగి మేమంతా ఎండకు భయపడి నేలకింది గదుల్లోకి దిగేదాకా అక్కడే.

గఫార్ మళ్ళీ యంత్రం పెట్టి చూశాడు. తెర నిండా తెల్లటి మచ్చలు.

"కాదక్కా, ఈ మిట్ట నిండ కొలుముల్ల మిగిలిన ఇనుప చిట్టెమే. మిషిన్‌కు చూపు ఆనది. పొద్దుగాల్ల మా అమ్మి కండ్లద్దాలు లేకుండ బియ్యం ఏరినట్టున్నది."

"మీ అమ్మి నయం, రాళ్ళైనా ఏరుతుంది."

తవ్వి చూడ్డమొకటే దారి. సాక్షిని కోయాలంటే దాన్ని వదిలిన మనిషి సంతకం కావాలి. మధ్యాహ్నం నాచురొట్టె తింటూ అడిగాను.

"బాపూ, ఇంకెవరి కోసం దాస్తున్నవ్? మన తర్వాత వచ్చేటోళ్ళెవరు? దిమ్మిస వచ్చినంక అది గాజు. గాజును ఎవరు తవ్వుతరు?"

"సాక్షి మనది కాదు బిడ్డా."

"మరెవరిది?"

ఆయన రొట్టె ముక్కను నీళ్ళలో ముంచుకుని నెమ్మదిగా నమిలాడు. "మనది కాదు" అని మళ్ళీ అదే మాట. నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళ సిద్ధాంతం తప్పని తేలుతుందని భయం, దానికి మర్యాద అని పేరు.

అమ్మ పోయింది కూడా ఈ మిట్ట మీదే, ఆ మొదటి తవ్వకం చివరిలో. వడదెబ్బ. పేరు శేషారత్నం, మూసల మట్టి గురించి ఆవిడకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనేవారు. కబురందుకుని నేను పట్నం నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. మనిషి పోతే జలసదనం బండి వచ్చి తీసుకుపోతుంది, ఇది అందరికీ మామూలే. మనిషిలో ఉన్న నీరు ఊరి నీళ్ళలో కలుస్తుంది, మూడోనాడు ఒక గ్లాసు ఇంటికి వస్తుంది. ఇంట్లోవాళ్ళు తలో గుక్క తాగుతారు. ఆ రోజు బాపు గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే తాగు బిడ్డా" అన్నాడు. తను ఒక్క గుక్క కూడా తాగలేదు. అంతా నేనే తాగాను, ఏడుస్తూ. అమ్మ నాలోకి వచ్చేసిందనుకున్నాను. ఇప్పటికీ ఏదైనా కష్టమొస్తే గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుంటాను, అదొక అలవాటు.

ఆయన తాగకపోవడాన్ని మాత్రం నేను క్షమించలేదు. అంత ఎండిపోయిన గుండె ఏమిటో అనుకున్నాను. అడగలేదు, ఆయనా చెప్పలేదు.


3. దిమ్మిస పాత రోడ్డు దాటింది

రాత్రీ పగలూ ఒకటే రొద. నేల సన్నగా వణుకుతుంటే చెంబులో నీళ్ళ మీద గీతలు పడుతున్నాయి.

ఈ పొద్దున మాత్రం పండగ. పగలని కొలిమిలోంచి తీసిన మూసల అంచుల్ని గఫార్ చిన్న యంత్రంతో చదివాడు. మెత్తటి మట్టిని బొటనవేలితో నొక్కిన గుర్తులు వెయ్యేళ్ళ తరువాత కూడా అలాగే ఉన్నాయి. అన్నిటి మీదా ఒకటే వేలు. చిన్న వేలు, బహుశా ఆడమనిషిది. అడ్డంగా ఒక కోత మచ్చ. ఆ కొలిమిలో ఉన్న మూసలన్నీ ఒక్క మనిషే చేసింది.

బాపును పిలుచుకొచ్చాను. భూతద్దం పెట్టి చూశాడు, తన బొటనవేలు ఆ గుంటలో పెట్టి చూసుకున్నాడు. పట్టలేదు. నా వేలు పట్టింది.

"మీ అమ్మ కూడ గిట్లనే నొక్కి చూసేది" అన్నాడు. నవ్వాడు కూడా. ఆయన నవ్వి ఎన్నాళ్ళయిందో. గఫార్ ఆ సంతోషంలో దాచుకున్న జొన్నపిండి తీశాడు, నిజమైన జొన్నరొట్టెలు చేశాడు. కాసేపు ముగ్గురం మనుషుల్లా బతికాం.

నేను ఊరుకోవచ్చు కదా? నోరు ఊరుకోదు.

"చూసినవా బాపూ, ఒక్క మనిషి చేతి పని. ఆ మనిషికేదో అయింది. సాక్షి కోస్తే ఎర్క అయితది. సంతకం పెట్టు."

నవ్వు పోయింది. "వద్దు."

"అయితే శాఖకు రాస్త. నీ మీంచి పోయి అనుమతి తెచ్చుకుంట."

అప్పుడు బాపు చేసిన పని రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు. కుర్చీలోంచి లేచి, వంగలేని నడుముతో వంగి, "నీ కాళ్ళు మొక్కుత బిడ్డా, దాన్ని ముట్టకు" అన్నాడు. గఫార్ గబుక్కున లేచి బయటికి వెళ్ళిపోయాడు. కన్నతండ్రి చేత కాళ్ళు మొక్కుతానని అనిపించుకున్న ఆడదాన్ని నేను. సిగ్గుతో చచ్చిపోవాల్సింది. సిగ్గుకన్నా ముందు కోపం వచ్చింది. ఒక తప్పు సిద్ధాంతం కోసం ఇంతకు దిగజారాలా అనుకున్నాను.

మధ్యాహ్నమే శాఖకు రాశాను.


4. దిమ్మిస పగిలిన మూసల గుట్టల దాకా వచ్చింది

అనుమతి వచ్చింది. వాళ్ళకేం, ఎలాగూ పోయే మట్టి.

బాపుకు చూపించాను. చదివి మడిచి నా చేతికే ఇచ్చాడు. "నువ్వు అధిపతివి" అన్నాడు. కుర్చీ తెచ్చుకుని కింది గదిలోకి వెళ్ళిపోయాడు. సాక్షి మీద ఆయన లేని తెల్లవారుజాము నేను చూడ్డం ఇదే మొదలు. కుర్చీ కాళ్ళు రోజూ ఒకేచోట దిగి నాలుగు గుంటలు పడ్డాయి.

గఫార్‌ను దిమ్మిస నడిపేవాళ్ళ దగ్గరికి పంపాను, ఇంకొంచెం గడువు అడగమని. నేనొక్కదాన్నే తాపీ పట్టుకుని దిగాను. మంచిదే అయింది.

పైన దుమ్ము పొర. దాని కింద నల్లటి చిట్టెం పొర. దాని కింద కాలిన ఎర్రమట్టి, ఆ కింద పచ్చమన్ను. ఊరంతటా ఉన్న వరసే. కానీ తాపీ తేలిగ్గా దిగుతోంది. ముట్టని నేల అలా దిగదు, పంతం పడుతుంది. గోడ చెక్కి చూశాను. చిట్టెం పొరలో ఒక నిట్టనిలువు గీత. గీతకు అటు గట్టి మట్టి, ఇటు మెత్తటి మట్టి. ఎవరో తవ్వారు. తవ్వి మళ్ళీ పూడ్చారు.

దొంగలనుకున్నాను మొదట. దొంగలు పూడ్చరు. పూడ్చినా కలగాపులగంగా తోసేస్తారు. ఈ గుంటలో పచ్చమన్ను కింద, దాని మీద ఎర్రమట్టి, దాని మీద చిట్టెం, పైన దుమ్ము. ఏ పొర ఏ చోట ఉండాలో ఆ చోటే తిరిగి పెట్టారు. ఏ మట్టికా మట్టి వేరే గుట్ట పోసుకుని, తీసిన వరసకు తలకిందుల వరసలో వేసి, ఒక్కో పొరా తొక్కి మరీ పూడ్చారు. లోకంలో అంత చాదస్తం మా తవ్వేవాళ్ళ జాతికి తప్ప ఎవరికీ ఉండదు. దాచాలని తవ్విన గుంటను కూడా ఇంత పద్ధతిగా పూడ్చుకుని పట్టుబడేది మేమే.

ఇంకా తవ్వాను.

మాకు ఇంకో ఆచారం ఉంది. ఎక్కడైనా తవ్వి పూడ్చేటప్పుడు అడుగున ఆ ఏడాది ముద్ర వేసిన మట్టిబిళ్ళ ఒకటి పెడతాం. తరువాత వచ్చేవాడు దాన్ని చూసి, ఓహో, ఇంతదాకా ఫలానా ఏట తవ్వేశారు అని తెలుసుకుంటాడు. అది పెట్టకపోవడం అబద్ధం చెప్పినంత తప్పు. నా తాపీ మొనకు ఆ బిళ్ళ తగిలింది. ఉమ్మి తడితో తుడిచాను.

అమ్మ పోయిన ఏడాదిది.


5. దిమ్మిస కంచె దగ్గర ఆగింది

బిళ్ళ కింద నేత గుడ్డ. గుడ్డ మీద ఒక తాపీ, పిడికి ఎర్రదారం చుట్టి ఉంది. ఆ దారం చుట్టింది నేను, ఎనిమిదో తరగతి సెలవుల్లో, అమ్మ అరచేయి బొబ్బలెక్కుతోందని. ఆ తాపీ దుమ్ముగాలిలో పోయిందని చెప్పాడు బాపు. గుడ్డ తీయలేదు. తీయక్కర్లేదు.

అక్కడే మట్టిలో కూలబడ్డాను. సైరన్ మోగింది, లేవలేదు. ఎండ వీపు మీద కాలుస్తుంటే ఆ గుడ్డనే చూస్తూ ఉండిపోయాను.

గుడ్డ పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, ఇంకొకరు ఉన్నారు. ఆవిడ గోధుమరంగు తిరిగిన పాత ఎముకల మనిషి, సన్నటి ఆడమనిషి. తల దగ్గర కొలిమి గొట్టం. చేతి దగ్గర ఒక మూస, కాల్చనిది, పచ్చిది. వంగి చూశాను. అంచున బొటనవేలి గుర్తు, అడ్డంగా కోత మచ్చ.

అంటే నా మాటే నిజమైంది. దండూ లేదు, గిండూ లేదు. మూసలు చేసే మనిషి పోయింది. కొలిమిలో ఉన్నవి ఆవిడ చేత్తో చేసిన చివరి మూసలు. ఉక్కు కావాలంటే వాటిని పగలగొట్టాలి. ఎవరికీ చేతులు రాలేదు. పట్టుకార్లు గోడకు ఆనించి వెళ్ళిపోయారు. నేను జీవితమంతా వెతికింది ఇదే, కళ్ళముందు ఉంది. ఒక్క పిసరు సంతోషం కలగలేదు.

ఇది బాపుకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. తెలిసీ దండు వచ్చిందనే చెప్పాడు. సభల్లో నా చేత మాటలు పడ్డాడు. ముసలాయనకు మతి లేదని కుర్రాళ్ళు వెనక నవ్వుతుంటే విన్నాడు. జవాబు చెప్పాలంటే ఈ గుంట చూపించాలి కదా.

కిందికి దిగాను. ఆయన చీకట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా మోకాళ్ళ మీది పచ్చమన్ను చూశాడు. ఆ మన్ను ఎంత లోతున ఉంటుందో ఆయనకు చెప్పాలా!

"చూసినవా?"

"చూసిన."

"గుడ్డ తీసినవా?"

"లేదు."

ఊపిరి వదిలాడు. తరువాత ఆయనే మొదలుపెట్టాడు, గోడతో మాట్లాడుతున్నట్టు.

"జ్వరంల మూడు దినాలు మీ అమ్మది ఒకటే మాట. మా ఊరిని నీళ్ళు మింగినయండీ, మా అమ్మను మింగినయి, నన్ను నీళ్ళు చెయ్యకండి. నేను మట్టి మనిషిని, నన్ను మట్టిలోనే పెట్టండి. గీ లోకంల మట్టిల పెట్టనిచ్చేదెవరు బిడ్డా? దొరికితే మనకు బతికినంత కాలం నీళ్ళు బంద్. ఎక్కడ పెట్టినా ఎన్నడో ఒకనాడు ఎవడో తవ్వుతడు. ఎవ్వడూ తవ్వనిది ఒక్కటే జాగ. తవ్వుతుంటే ఆమె కనపడ్డది, పక్కన. ఇగ మీ అమ్మకు తోడున్నదిలే అనుకున్న."

"జలసదనానికి ఏం చెప్పినవ్?"

"దుమ్ముల తప్పిపోయిందని రాసిచ్చిన. ఆ ఎండాకాలం ఎవరి లెక్క ఎవరు చూసిన్రు?"

"మరి నేను తాగిందేంది బాపూ?" అన్నాను. "మూడోనాడు నాకిచ్చిన నీళ్ళు?"

తల వంచుకున్నాడు. "నా వంతు నీళ్ళు. రెండు దినాలు దాచిన. అప్పటికే నువ్వు నిలువున ఎండిపోయి ఉన్నవ్. అమ్మ నీళ్ళు ఏవని అడిగినవ్. లేవంటే తట్టుకోవనుకున్న."

అందుకే ఆయన తాగలేదు. గొంతు దగ్గరికి చెయ్యి పోయింది, అలవాటు కొద్దీ. అక్కడ ఎవరూ లేరు. ఇన్నేళ్ళూ నాలో ఉందనుకుని ఎవరితో మాట్లాడుకున్నాను? అమ్మ రోజూ నేను తొక్కుతూ తిరిగిన నేలకింద ఉంది. ఏడుపు వచ్చింది. బాపు భుజానికి తల ఆనించి, పిల్లప్పటి లాగా, ఇష్టం వచ్చినట్టు ఏడ్చాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేశాడు. ఆయన మీద కోపం పోయిందా అంటే పోలేదు. అది అలాగే ఉంది, దాని పక్కనే ఇది కూడా ఉంది.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను చివరికి. "బయటికి తీస్తే జలసదనం పాలు. తీయకపోతే దిమ్మిస పాలు. ఎక్కడికన్నా తీసుకుపోదామంటే ఎక్కడికి పోతం? అంతటా వాళ్ళే."

"అది వచ్చేది ఎవరికి ఇండ్లు కట్టనీకి?"

"డెల్టా వాళ్ళకి."

"మా వాళ్ళకి ఇంత గట్టి నేల ఎప్పుడు దొరుకుద్దండీ అని అడిగేది మీ అమ్మ, ఎప్పుడు చూసినా" అన్నాడు బాపు. అమ్మ యాస ఆయన నోట్లో వచ్చేసింది. "నిప్పుకు ఆమె భయపడది బిడ్డా. దినమంతా కొలిమి మట్టి పిసికిన మనిషి. నీళ్ళకే భయం."


6. దిమ్మిస కంచె దగ్గరే ఉంది

ఒక్క రోజు గడువు ఇచ్చారు. గఫార్ ఆ కబురుతో మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చేసరికి బాపూ నేనూ గుంటలో ఉన్నాం. ఆయన గట్టు మీద కూర్చుని ఏ మట్టి ముందో చెబుతున్నాడు, నేను వేస్తున్నాను. పచ్చి మూసను ఆవిడ చేతి దగ్గరే ఉంచేశాను. బొమ్మ తీయలేదు. అమ్మ తాపీ కూడా తీసుకోలేదు. తీసుకుందామని చెయ్యి చాచి, దారం ముడి ఒకసారి సవరించి వదిలేశాను.

గఫార్ గుంటలోకి చూశాడు. గుడ్డ అంచు ఇంకా కనపడుతూనే ఉంది. మా ఇద్దరి ముఖాలూ చూశాడు. ఇతనికి ఏం చెప్పాలా అని నేను నోరు తెరిచేలోగా చొక్కా విప్పి గట్టు మీద వేసి, పార అందుకున్నాడు.

"నాకేం కనపడలే అక్కా. ఈ మిట్ట నిండ చిట్టెమే కదా, చూపు ఆనది" అన్నాడు. "పచ్చమన్ను అయిపోయిందా, ఎర్రది వెయ్యాల్నా పెద్దసార్?"

"ఇంక జర తొక్కు" అన్నాడు బాపు.

గుడ్డ పూర్తిగా కప్పేసే ముందు బిళ్ళ సంగతి గుర్తొచ్చింది. మళ్ళీ తవ్వాం కాబట్టి ఈ ఏటి బిళ్ళ కూడా పెట్టాలి. గాజులో కరిగిపోయే బిళ్ళ, ఎవరూ ఎప్పుడూ తవ్వని చోట. అయినా బాపు జేబులోంచి తీశాడు. ముందే వెంట తెచ్చుకున్నాడు మనిషి! పాత బిళ్ళ పక్కన కొత్తది పెట్టమన్నాడు. పెట్టాను. అబద్ధం మిగల్చకూడదు కదా, మట్టికైనా.

ఆ రోజుకు నా వంతు నీళ్ళు సీసాలో ఉన్నాయి. పొరలు తొక్కేటప్పుడు చిలకరించడానికి తీస్తే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు బిడ్డా. ఆమె మీద నీళ్ళు పొయ్యకు." పొడిమట్టినే కాళ్ళతో తొక్కాం, ముగ్గురం, వరసగా. సైరన్ మోగేసరికి పైన దుమ్ము పొర కూడా పరిచేశాం. బాపు కుర్చీ తెప్పించుకుని ఆ నాలుగు గుంటలు ఎక్కడుండేవో అక్కడే వేసుకుని, కాసేపు కూర్చుని లేచాడు.

సాయంత్రం శాఖకు చివరి నివేదిక పంపాను. సాక్షి దిమ్మ స్థితి అని ఒక గడి ఉంటుంది. అనుమతి వచ్చినా గడువు చాలలేదు, ముట్టలేదు అని రాశాను. ఊరు ఖాళీ అవడానికి కారణం అని ఇంకో గడి. దండు దాడి కావచ్చు, పెద్దసారు రాజలింగం గారి అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను అని రాసి సంతకం పెట్టాను. బాపుకు చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నా తప్పు సిద్ధాంతానికి సంతకం పెట్టినవా?"

"పెట్టిన."

"నవ్వుతరు నిన్ను."

"నవ్వనీ."


7. దిమ్మిస వెళ్ళిపోయింది

కొన్ని నెలలయింది రాసి. బాపు వానలకు ముందే పోయాడు. జలసదనం బండి వచ్చి తీసుకువెళ్ళింది, ఆయన వద్దనలేదు. మూడోనాటి గ్లాసు గఫారూ నేనూ తాగాం. ఈసారి అవి నిజంగా ఆయన నీళ్ళే. వెనకటివి కూడా ఒక రకంగా ఆయనవే కదా అని గ్లాసు దించాక తట్టింది. గొంతు దగ్గర చెయ్యి పెట్టుకునే అలవాటును ఇక మార్చుకోనక్కర్లేదు.

ఈ రోజు బొగ్గులమిట్టకు వెళ్ళాను. మిట్ట లేదు. నల్లగా, నునుపుగా, ఆ చివరి నుంచి ఈ చివరికి గాజునేల. ఇళ్ళు లేచాయి. తూర్పు మూలన ఎక్కడుండాలో అంచనా వేసుకుంటూ నడిచాను. పగలని కొలిమి ఉన్న చోటికి ఇటుపక్క, రెండో వరసలో చివరి ఇల్లు. ఒకావిడ గుమ్మం ముందు సామాన్లు దించుకుంటోంది, గుడారం గుడ్డలు, సత్తు గిన్నెలు. చంటిపిల్ల చంకలో ఉంది. నా శాఖ చొక్కా చూసి పలకరించింది. అమ్మ యాస అచ్చంగా అలాగే ఉండేది.

"ఏమండీ, ఇక్కడ తవ్విన ఆవిడ మీరేనంటగా? ఒక మాటడగనా అండీ? పిల్లను పడుకోబెట్టుకునే చోటు. ఈ నేల కింద ఏం లేవు కదండీ, శవాలూ అయ్యీ?"

చెప్పులు విడిచి నిలబడ్డాను. నేల ఎండకు వెచ్చగా ఉంది, కాలేంత కాదు.

"ఏమీ లేవమ్మా. నిశ్చింతగా పడుకోబెట్టుకో. నేనే తవ్వి చూశాను."